నల్ల కారు, నలభై మైక్రాన్లు

జనవరి 18, 2025, శనివారం

పండగ చుట్టాలు వెళ్లిపోయారు. పండగ మాత్రం కారు మీద మిగిలింది. భోగి మంట బూడిద, వీధి ముగ్గుల రంగుపొడి, తెనాలి అవతల మా ఊరి డొంక దుమ్ము. సాయంత్రం కడిగి ఆరడానికి రోడ్డు మీద ఎండలో పెట్టాను. ఆరాక చూస్తే బానెట్ మీద అక్షరాలు: "తాతయ కారు".

కనుమ నాడు మనవడు దుమ్ములో వేలితో రాసిన మాట అది. అప్పుడు నేనే మురిసిపోయి ఫోటో తీసి అందరికీ పంపాను. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం చదివే ఏడేళ్లవాడు తెలుగులో రాయడమే గొప్పనుకున్నాం, యకి వత్తు మరిచిపోయాడని ఎవరం పట్టించుకోలేదు. ఇప్పుడు దుమ్ము పోయింది గాని రాత పోలేదు. వేలి కింద ఇసుక రేణువులు దొర్లుతూ రంగుని గీసుకుంటూ పోయాయన్నమాట. నీడలో ఏమీ కనబడదు. ఎండ ఏటవాలుగా పడితే ఒక్కో అక్షరం లేచి నిలబడుతోంది.

మా ఆవిడ బాల్కనీలోంచి చూసి, "బాగుందండీ, ఇంక నంబరు ప్లేటు అక్కర్లేదు" అంది.

జనవరి 19, ఆదివారం

అక్షరాల కోసం ఫోన్ టార్చి వేశాను, కారంతా బయటపడింది. వెలుగు ఎక్కడ పెడితే అక్కడ దాని చుట్టూ సాలెగూడు. బానెట్, నాలుగు డోర్లు, డిక్కీ, ఎక్కడా జానెడు జాగా శుభ్రంగా లేదు. పాపం మనవడి రాత ఈ మొత్తంలో చిల్లర.

రెండు చిన్న పరీక్షలు చేశాను. గోరు అడ్డంగా జరిపితే అక్షరాల మీద ఎక్కడా తట్టుకోలేదు. వేలు తడిచేసి రాస్తే గీత మాయమైంది, ఆరగానే మళ్లీ వచ్చింది. గీత అంటే ఒక చిన్న కాలవ. దాని గట్లు వెలుగుని అటూ ఇటూ చిందరవందర చేస్తాయి కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. కాలవ నీటితో నిండితే పైభాగం చదునై వెలుగు తిన్నగా పోతుంది. తడిస్తే మాయమయ్యే గీత పైపైనే ఉందని లెక్క.

ఎడమవైపు వెనక డోరు మీద ఇంకొక గీత ఉంది, మూరెడు పొడవు. ఏ సందులోనో స్కూటర్ హ్యాండిల్ రాసుకున్న గుర్తు. దాని మీద గోరు టక్కున ఆగింది. తడిపినా తెల్లగానే ఉంది.

జనవరి 21, మంగళవారం

తెల్లవారి అయిదున్నరకి కిందికి దిగాను, దొంగని పట్టడానికన్నట్టు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు. భుజాన పాత బనీను గుడ్డ, చేతిలో ఒకటే బకెట్. మొత్తం పద్నాలుగు కార్లు. మొదటి కారుకి నీళ్లు తేటగా ఉన్నాయి. నాది తొమ్మిదోది. నా వంతు వచ్చేసరికి బకెట్ అడుగున వండ్రు. కారు మీద నిన్నటి దుమ్ము పొడిగా ఉండగానే గుడ్డ పిండి గిరగిరా తిప్పుతూ తుడిచేస్తాడు. ఎంత శ్రద్ధగా తుడిస్తే అంత దుమ్ముని రంగు మీద వేసి రుద్దినట్టు. ఇది నాలుగేళ్లుగా రోజూ జరుగుతోంది, నెలకింతని డబ్బులిచ్చి నేనే చేయిస్తున్నాను.

గీతలు చూపించాను. మనిషి బిత్తరపోయాడు. "నానేటి సేసినాను బాబూ? ఒక్క పూటైనా మానకుండా తుడస్తన్నాను గదా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మానకుండా తుడవడమే తప్పని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పైగా తుడవొద్దంటే డబ్బులాపేస్తానేమోనని ఆయన భయం.

"నీ డబ్బులెక్కడికీ పోవు. నాది మాత్రం తుడవకు" అన్నాను. ఇంకా భయపడ్డాడు.

జనవరి 24, శుక్రవారం

అన్నం తింటూ స్టీలు పళ్లెంలో ట్యూబులైటు ప్రతిబింబం చూశాను. అదే సాలెగూడు! పళ్లెం కదిపితే గూడు కూడా వెలుగుతో పాటే కదిలింది. అంటే గీతలు గుండ్రంగా లేవు. పీచుతో తోమిన గీతలు అన్ని దిక్కులా అడ్డదిడ్డంగానే ఉన్నాయి. వాటిలో వెలుగుకి అడ్డంగా పడినవి మాత్రమే మన కంటికి తళుక్కుమంటాయి, తక్కినవి కనబడవు. కనబడేవన్నీ కలిసి వెలుగు చుట్టూ వలయాలు కట్టినట్టు అనిపిస్తాయి. కారు మీద "గుండ్రంగా తుడవడం వల్ల గుండ్రటి గీతలు పడ్డాయి" అని అందరం చెప్పుకునే మాట సగం అబద్ధమే. నిలువుగా తుడిచినా మురికి గుడ్డ మురికి గుడ్డే.

పళ్లెం అంచున మా అత్తగారి పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంది, 1978 తేదీతో. గిన్నెల కొట్లో డబ్బులిచ్చి మరీ గీయించుకున్న గీతలు.

జనవరి 28, మంగళవారం

ఆటోనగర్ వెళ్లాను. విజయవాడలో ఉంటూ కారుకి చిన్న జబ్బు చేసినా ఆటోనగర్ వెళ్లకపోతే జీవితానికి అర్థం లేదు. లారీ బాడీలు కట్టే సుత్తుల మోత, వెల్డింగు మెరుపులు, థిన్నరు వాసన దాటుకుంటూ డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు ఒకటి పట్టుకున్నాను. షెడ్డు ఓనరు నా వయసువాడే. కథంతా విని ఒకటే అడిగాడు: "గోరు తగిలిందా సార్?"

"అక్షరాలకి తగల్లేదు. డోరు గీతకి తగిలింది."

"తగిలినదానికి మా దగ్గరికి రండి. తగలనిదానికి మీ ఇల్లే చాలు. మిషన్ కొట్టించుకోకండి, మాదగ్గర కూడా."

తన వ్యాపారాన్ని తనే వద్దంటున్నాడేమిటని చూశాను. మూల పడున్న ఒక ఎర్ర బానెట్ చూపించాడు. మధ్యలో అద్దంలా ఉంది, మడత దగ్గర మాత్రం బూడిద రంగు చార. కొత్త కుర్రాడు ఊలు బఫ్ పెట్టి మిషన్ ఒకేచోట ఆనించాడట, క్షణాల్లో అంచు కాలిపోయి కింద ప్రైమర్ తేలిందట. అంచుల దగ్గర, మడతల దగ్గర రంగు సహజంగానే పలచగా పడుతుంది. మిషన్ ఒత్తిడంతా కూడా అక్కడే పడుతుంది.

పొరల లెక్క ఆయన నోటనే రాసుకున్నాను. రేకుని మొదట తొట్టిలో ముంచి కరెంటుతో పట్టించే కోటు, దాని మీద ప్రైమర్, ఆపైన అసలు రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్. కంపెనీలో వేసినది మొత్తం కలిపి రమారమి 100 నుంచి 140 మైక్రాన్లు. మనం మోజుపడి ఎంచుకునే ఆ అసలు రంగు పదిహేను మైక్రాన్లుంటే గొప్ప. క్లియర్ నలభై దాకా ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70. అంటే నా కారు మెరుపంతా వెంట్రుకలో సగానికి కాస్త ఎక్కువ.

గీతలు తీయడమంటే ఏదో పూసి పూడ్చడమని ఇన్నాళ్లూ నమ్మాను. అది కాదు. గీత అడుగు దాకా చుట్టుపక్కల క్లియర్‌ని కూడా అరగదీసి అంతా ఒక మట్టానికి తేవడం. ముప్పై రెండేళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నవాడికి ఇది ఇట్టే అర్థమవుతుంది. డిపాజిట్ ఒక్కసారే, ఫ్యాక్టరీలో. తరవాత అన్నీ విత్‌డ్రాయల్సే.

అతిగా తీస్తే? ఎండని ఆపే మందు ఆ క్లియర్‌లోనే కలిపి ఉంటుంది. అది బాగా పలచబడితే కొన్నాళ్లకి పైకప్పు మీద తెల్లగా పొక్కులు లేచి, పాము కుబుసంలా ఊడుతుంది. పాత టాక్సీల మీద ఎన్నిసార్లు చూడలేదు.

జనవరి 30, గురువారం

షెడ్డులో నాలుగొందలకి తుక్కు డోరు ఒకటి కొని ఆటోలో ఇంటికి తెచ్చాను. సాధనకి. మా ఆవిడ తలుపు తీసి, డోరుని చూసి, నన్ను చూసి, "కారు కొన్నవాళ్లని చూశాగాని ఇలా విడిభాగాలుగా కొనేవాళ్లని చూళ్లేదు" అంది.

బాల్కనీలో డోరు పడుకోబెట్టి మాస్కింగ్ టేపుతో గళ్లు కట్టాను. ఒక్కో గడిలో ఒక్కో వైద్యం.

కొబ్బరినూనె: అద్భుతం. గీతలన్నీ మాయం. మెడికల్ షాపు స్పిరిట్‌తో తుడిస్తే అన్నీ వెనక్కి వచ్చాయి. నూనె కాలవల్ని నింపిందంతే. మా చిన్నప్పుడు టాక్సీ డ్రైవర్లు డీజిలు గుడ్డతో కారు తుడిచి మెరిపించేవాళ్లు, ఆ కిటుకే ఇది. కొట్లో అమ్మే కొన్ని మెరుపు పాలిష్‌లూ ఈ జాతివే. ఏది పూసినా స్పిరిట్ గుడ్డ వేసి చూడందే నమ్మకూడదు.

పళ్లపేస్టు: దాంట్లోనూ సుద్దలాంటి మెత్తటి రాపిడి పొడి ఉంటుంది కనక అతి సన్నటి గీతలు కొంచెం తగ్గాయి. పావుగంట రుద్దితే రూపాయి బిళ్లంత మేర. డోరు పుదీనా వాసన వేస్తోంది.

ఇత్తడి తోమే పొడి, చింతపండు (మా ఆవిడ సలహా): గడి మొత్తం మసకబారింది. చింతపండు సంగతి తేలింది కూడా. ఇత్తడి మీద పులుపు చిలుముని కరిగిస్తుంది, రంగు మీద దానికి కరిగించేందుకేముంది?

2000 నంబరు వాటర్ పేపర్: ఇది పెద్దల ఆట. నీళ్లు చల్లుతూ పది రుద్దులు రుద్దేసరికి గడి గరుకు అద్దంలా తెల్లబోయింది. దాంట్లో రవ్వ పది మైక్రాన్లుంటుంది. మళ్లీ మెరుపు తెప్పించడానికి రబ్బింగ్ కాంపౌండుతో గంట తోమాను, పూర్తిగా రాలేదు. చేత్తో చేసేవాడికి ఇది పనికిరాదు. ఒకచోట మడత మీదికి వెళ్లాను, బూడిద రంగు కనిపించింది. నాలుగొందలు అక్కడ గిట్టుబాటైంది.

రబ్బింగ్ కాంపౌండు, ఆ తరవాత సన్నపాటి పాలిష్: స్పిరిట్ గుడ్డకి నిలబడింది. ఇదే.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ రోజు కడగడం మాత్రమే. రుద్దే ముందు ఒక్క రేణువు మిగిలినా అది వేలి కింద ఇసుక కథే.

ముందు పైపుతో బాగా నీళ్లు కొట్టాలి, గుడ్డ తగలకుండా. తరవాత రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. గుడ్డని ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించి గాని షాంపూలో ముంచకూడదు. పైకప్పు నుంచి కిందికి రావాలి. చక్రాల దగ్గర వాడిన గుడ్డ మళ్లీ పైకి పోకూడదు. ఇదేం కొత్త శాస్త్రం కాదు. మడీ మైలా, ఎంగిలీ తెలిసిన ఇంట్లో పుట్టినవాడికి నేర్పక్కర్లేదు.

బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్ల చుక్కలు దిగుతాయి. నీటిలో సున్నం అది. అందుకని కుళాయి వచ్చే వేళ చూసుకుని కృష్ణ నీళ్లు పట్టాను.

కడిగాక పాలిథిన్ కవర్లో చెయ్యి పెట్టి బానెట్ నిమిరాను. కంటికి నున్నగా ఉన్నది చేతికి ఉప్మారవ్వలా తగిలింది. పక్క సైటులో కడుతున్న బిల్డింగు సిమెంటు తుంపర, కానుగ చెట్టు జిగట, ఇంకేవేవో. క్లే బార్ అని పిల్లల మైనపు ముద్దలాంటిది దొరుకుతుంది. షాంపూ నీళ్లు చల్లి దాన్ని మెల్లగా జారిస్తే అవన్నీ దానికి అంటుకుని వస్తాయి. ఒక ముక్క చేతిలోంచి జారి నేల మీద పడింది. మళ్లీ వాడకుండా పారేశాను. డబ్బులు పోతే పోయాయి, నేల ఇసుక అంటిన ముద్దని కారుకి పెట్టకూడదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

రథసప్తమి. జిల్లేడాకులు భుజాల మీద పెట్టుకుని స్నానం, బాల్కనీలో పిడకల మీద పాలు పొంగించడం. ఎండకి దణ్ణం పెట్టి కిందికి చూస్తే బానెట్ తళతళలాడుతోంది, అక్షరాలతో సహా. ఇంతకంటే కఠినమైన ఇన్‌స్పెక్టరు ఉండడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆరుంబావుకి మొదలుపెట్టాను. రేకు చల్లగా ఉండాలి. వేడెక్కితే రబ్బింగ్ క్షణంలో ఎండి సున్నంలా పట్టేస్తుంది. విజయవాడలో ఫిబ్రవరి అయినా తొమ్మిది దాటితే పని ఆపాల్సిందే.

హెడ్‌లైట్ల చుట్టూ, రబ్బర్ల మీద, బానెట్ మడతల మీద మాస్కింగ్ టేపు. నల్ల ప్లాస్టిక్‌కి రబ్బింగ్ అంటితే తెల్లమచ్చ చచ్చినా పోదు. తరవాత అడుగు పొడుగు, అడుగు వెడల్పు చదరం ఒక్కటే. స్పాంజి మీద పెసరగింజంత చుక్కలు నాలుగు. ముందు ఒత్తిడి లేకుండా పరిచి, తరవాత ఒక మోస్తరు ఒత్తిడితో నిలువుగా, అడ్డంగా, మళ్లీ నిలువుగా. మందు పలచబడి దాదాపు కనబడకుండా పోయేదాకా. మెత్తటి గుడ్డతో తుడువు, స్పిరిట్ వెయ్యి, టార్చి పట్టు. చాలకపోతే మళ్లీ.

నా కారుకి క్లియర్ ఉందనడానికి గుడ్డే సాక్ష్యం. ఎంత రుద్దినా గుడ్డకి నలుపు అంటలేదు. మా నాన్నగారి స్నేహితుడి అంబాసిడర్‌ని డ్రైవరు పాలిష్ పెడుతుంటే గుడ్డంతా కారు రంగులోకి తిరిగేది. అప్పట్లో రంగే పైపొర, అరిగేది కూడా అదే.

రెండు గంటల్లో మూడు చదరాలయ్యాయి. "తా" పోయింది. రెండో "త" సగం.

పద్నాలుగో నంబరు ఫ్లాటాయన వాకింగ్ నుంచి వస్తూ ఆగి, "ఎందుకండీ ఈ వయసులో, సర్వీసు వాళ్లకిస్తే గంటలో చేసిస్తారు" అన్నాడు. చేసిస్తారు. గంటలో ఎన్ని మైక్రాన్లు తీస్తారో మాత్రం చెప్పరు.

ఫిబ్రవరి 10, సోమవారం

కుడి భుజం లేవడం లేదు. జండూబామ్.

ఫిబ్రవరి 12, బుధవారం

భుజం ఖాళీగా ఉంటే బుర్ర పనిచేస్తుంది. మా బీరువా తలుపులకి "డ్యూకో కొట్టిద్దామా సార్" అని వడ్రంగి అడిగిన మాట గుర్తొచ్చింది. మనకి డ్యూకో అంటే స్ప్రే పెయింటు, అంతే. నిజానికది అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తమ కారు రంగుకి పెట్టిన పేరు. 1923లో జనరల్ మోటార్స్ వాళ్ల ఓక్‌లాండ్ కారుకి నీలం డ్యూకో వేశారు. అంతకుముందు కారుకి వార్నిష్ రంగులు వేసి ఆరబెట్టడానికే వారాలు పట్టేది. డ్యూకో గంటల్లో ఆరింది. ఫోర్డు మోడల్ టీ 1914 నుంచి 1925 దాకా నలుపు ఒక్కదానిలోనే వచ్చిందని తెలిసిందే. ఈ కొత్త రంగులొచ్చాక ఆ ఒంటి నలుపు సాగలేదు. డ్యూకోలో ముఖ్యమైన సరుకు నైట్రోసెల్యులోజ్. భగ్గున మండే పాత సినిమా రీళ్లూ, తుపాకుల్లో వాడే మందూ ఆ కుటుంబమే.

కార్లు ఆ రంగుని ఎప్పుడో వదిలేశాయి. పేరు మాత్రం మన వడ్రంగుల నోట్లో ఉండిపోయింది.

నేను నలుపు ఎందుకు కొన్నానని మా అమ్మాయి ఇప్పటికీ అడుగుతుంది. తెల్ల కారు మీదా ఇన్నే గీతలుంటాయి, కనబడవంతే. ఎండలో నిలబడి నిజం చెప్పే రంగు నలుపే, అని ఆమెకి గొప్పగా చెబుతాను. అసలు సంగతేమిటంటే సెకండ్ హ్యాండ్‌లో ఆ రోజు చవగ్గా దొరికినది అదే.

ఫిబ్రవరి 16, ఆదివారం

బానెట్ పూర్తయింది. అక్షరాలు ఒక్కొక్కటీ పోతుంటే వాటి లోతు తెలిసింది. ఒంపులు తేలిగ్గా పోయాయి. తలకట్లు మాత్రం మొరాయించాయి. పిల్లాడు ఒంపు తిప్పేటప్పుడు వేలు తేలిగ్గా పోనిచ్చి, తలకట్టు పెట్టేటప్పుడు పట్టుదలగా నొక్కాడన్నమాట. పలక మీద నేను నేర్పిన పద్ధతే. "రు" కొమ్ము దగ్గర మూడుసార్లు రుద్దాను. దగ్గరికెళ్లి, అక్కడుందని తెలిసినవాడు చూస్తే ఒక జాడ. నాలుగోసారి రుద్దడానికి చెయ్యి వెళ్లింది, ఆపుకున్నాను.

చివర కార్నూబా మైనం పట్టించాను. బ్రెజిల్‌లో ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం అది. 82 డిగ్రీలు దాటితే గాని కరగదు. మన మే నెల బానెట్ ఆ మైనానికి ఎంత పరీక్ష పెడుతుందో చూడాలి. మైనం గీతలు తియ్యదు. నీళ్లు పూసల్లా జారిపోతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అదొక్కటే లాభమైనా పెట్టేవాణ్ణి.

ఫిబ్రవరి 20, గురువారం

మనవడి ఫోను.

"తాతయ్యా, నేను రాసింది ఉందా?"

"లేదురా, తుడిచేశాను."

"ఎన్ని రోజులు పట్టింది?"

"రెండు ఆదివారాలు."

కాసేపు నిశ్శబ్దం. తరవాత లెక్క చెప్పాడు: "నాకు రాయడానికి ఒక్క నిమిషమే పట్టింది."

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆటోనగర్ పెద్దమనిషి నిన్న ఫోన్ చేసి, "మీటర్ ఖాళీగా ఉంది, తెచ్చుకోండి సార్" అన్నాడు. అరచేతిలో పట్టే పరికరం. రేకుకి ఆనిస్తే అయస్కాంతపు లెక్కతో పైనున్న పెయింటు మందం చెబుతుంది. మొత్తం మందమే చెబుతుంది, క్లియర్ ఎంతో విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ మీద గుడ్డిది. అయినా నా ఖాతాకి పాస్‌బుక్ దొరికినట్టే.

బానెట్ 109, 111, 108. పైకప్పు 114. ముట్టుకోని ఎడమ ముందు డోరు 113. రెండు మూడు మైక్రాన్ల తేడాలు మీటరువే కావచ్చు కాబట్టి నేనెంత తిన్నానో కచ్చితంగా తేలలేదు. అతి చేయలేదని మాత్రం ధైర్యం వచ్చింది.

కుడి వెనక డోరు: 340.

తప్పు చూశానేమోనని మళ్లీ ఆనించాను. 352. కింది అంచున 610. అంటే లప్పం. ఆ డోరు ఒకప్పుడు లోపలికి నొక్కుకుపోయి, లాగి, లప్పం పెట్టి, మళ్లీ రంగు వేసిన డోరు. నాలుగేళ్ల క్రితం "ఒక్క గీత కూడా పడని బండి సార్, డాక్టరుగారి బండి" అని ప్రమాణం చేసి అమ్మినాయన మొహం కళ్లముందు కదిలింది. నాలుగేళ్లుగా రోజూ ఆ తలుపు తీసి మా ఆవిడని కూర్చోబెడుతున్నాను, ఒక్కనాడూ అనుమానం రాలేదు.

కోపం రావాలి. రాలేదు. పనితనం అంత బాగుంది. ఎవరు చేశారో గాని అంచు ఎక్కడ కలిసిందో టార్చి వేసినా దొరకలేదు. మీటరు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెబితే షెడ్డాయన కారు చుట్టూ తిరిగి, డోరు అంచు కింద వేలు పెట్టి తడిమి, "మన ఊరి పనే సార్" అన్నాడు, కొంచెం గర్వంగానే.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. జాగారంలో పన్నెండు దాటాక దేవుడి మీద నుంచి మనసు కారు మీదికి పోయింది. నిస్సాన్ వాళ్లు 2005లోనే స్క్రాచ్ షీల్డ్ అని ఒక క్లియర్ తెచ్చారు. రబ్బరు గుణం కలిసిన రెసిన్, సన్నటి గీత పడితే కొన్ని రోజుల్లో ఎండవేడికి తనే పూడుకుంటుంది. ఇప్పుడు కొత్త కార్లకి అతికించే పారదర్శకమైన ఫిల్మూ వేడినీళ్లు పోస్తే గీతల్ని మింగేస్తుంది. దాని ఖరీదుకి నా కారులో సగం వస్తుంది.

మార్చి 2, ఆదివారం

రెండు డోర్లు చేశాను. మిగిలినవి చేయను. పైకప్పుని ఎవరు చూస్తారు? నా ఎత్తుకి నాకే కనబడదు, ఎండ దెబ్బ మాత్రం అన్నిటికంటే దానికే ఎక్కువ. దాని క్లియర్ దానికే ఉండనీ.

గోరు ఆగిన మూరెడు గీత సంగతి కూడా తేల్చాను. అది క్లియర్ దాటి రంగులోకి దిగింది. దాన్ని రుద్ది తీయాలంటే చుట్టూ ఉన్నదంతా తీసేయాలి. టచప్ సీసా కొని, సన్నటి కుంచె మొనతో కాలవలో నలుపు నింపాను, తుప్పు పట్టకుండా. అయిదడుగుల దూరం నుంచి కనబడదు. దగ్గరికొచ్చి చూసేవాళ్లకి కాఫీ ఇచ్చి లోపల కూర్చోబెట్టడం మంచిది.

మార్చి 14, శుక్రవారం

హోలీ. పొద్దున్నే కారు తీసుకెళ్లి రెండు వీధులవతల మా తమ్ముడింటి గేటు లోపల దాచాను. సాయంత్రం తీసుకొస్తే అద్దం మీద గులాబీ చెయ్యి ముద్ర. వాళ్ల మనవరాలిది. అద్దమే కాబట్టి ఊరుకున్నాను. పసుపైతే బాధే లేదు. విజయదశమికి బానెట్ మీద పెట్టే పసుపు మరక ఎండకి దానంతటదే వెలిసిపోతుంది. ఆ రోజు దెబ్బ తీసేది బంతిపూల దండ. కారు కదిలినంతసేపూ దాని దారం, దానికంటిన దుమ్ము కలిసి బానెట్‌ని రాస్తూనే ఉంటాయి. వచ్చే దసరాకి దండ కారు లోపలే, అద్దానికి.

మార్చి 23, ఆదివారం

వాచ్‌మన్‌కి నెల క్రితం రెండు మెత్తటి గుడ్డలు, ఒక బకెట్ కొనిచ్చాను. పొడి మీద గుడ్డ వేయొద్దు, ముందు నీళ్లు పొయ్యి, ఆనక తుడువు, గుడ్డ రెండో బకెట్లో జాడించు, అని చేసి చూపించాను. "నీళ్లెక్కువైపోతాయి బాబూ, సెక్రెట్రీ గారు కేకలేస్తారు" అన్నాడు. ఆ మాటా నిజమే. పద్నాలుగు కార్లకి అలా చేస్తే సంపు ఖాళీ. అందుకని వారానికి ఒక్కరోజు, నా కారుకి మాత్రం, కుళాయి వేళ. మిగతా ఆరు రోజులూ దుమ్ము దుమ్ముగానే ఉండాలని మా ఒప్పందం.

ఈ రోజు చూస్తే నా బకెట్లో పాత బనీను గుడ్డే ఉంది. కొత్తవేవయ్యా అంటే వాళ్లావిడ నవ్వుతూ గదిలోకి పిలిచి చూపించింది. దేవుడి పటాల అద్దాలు తుడవడానికి దాచుకుందట. "గీత పడనియ్యవన్నారు గదా బాబూ." ఇంకో రెండు కొనాలి.

మార్చి 30, ఆదివారం

ఉగాది. విశ్వావసు వచ్చింది, దానితో పాటే అమ్మాయీ అల్లుడూ మనవడూ. హైదరాబాదు నుంచి వాళ్ల తెల్ల కారు నిండా హైవే దుమ్ము. దిగుతూనే మనవడు దాని బానెట్ మీదికి వేలెత్తాడు. నేను కేకేశాను. వాడు ఆగి, "ఇది మీ కారు కాదుగా తాతయ్యా" అన్నాడు.

మధ్యాహ్నం రెండు బకెట్లు పెట్టి రెండు కార్లూ కడిగాం. షాంపూ నురగ మీద ఎంతైనా రాసుకోమన్నాను. నా బానెట్ మీద "తాతయ్య కారు" అని రాశాడు. ఈసారి యకి వత్తు ఉంది. రెండు బకెట్ల నీళ్లు గుమ్మరిస్తే పోయింది.

రబ్బింగ్ డబ్బాలో ముప్పాతిక వంతు మిగిలింది. మూత బిగించి అటకెక్కించాను. తుక్కు డోరు ఇంకా బాల్కనీలోనే ఉంది, మా ఆవిడ దాని మీద వడియాలు పెట్టింది.